అచ్చియ్యమ్మ ఇంటివాళ్ళు జీపు కొన్న వైనం

గాదిలోవలో అచ్చియ్యమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, ఆ ఇంట్లో ముగ్గురూ రోజూ అనుకునేవారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అచ్చియ్యమ్మ మొదలుపెట్టేది. కొడుకు పోలినాయుడు అవుననేవాడు. కోడలు చినతల్లి తల ఊపేది.

"మన తెలివి ఎక్కడుందో తెలుసునా? ఎవరేం చెబితే అది చెప్పినట్టు చేస్తాం. అందులో మన బుర్ర కలపం. ఊళ్ళో వాళ్ళు చెడిపోయేది అక్కడే!"

అంత తెలివిగల అచ్చియ్యమ్మకీ ఒక దిగులుంది. ఆమె కంటే ఏడేళ్ళు పెద్దదైన తోడబుట్టిన అప్ప బంగారమ్మ కొండ మీద పనసలపాడులో ఉంటుంది. ఆరేళ్ళ కిందట వానలకి కొండదారి కొట్టుకుపోయి బస్సు ఆగిపోయింది. పైన ఫోను సిగ్నలు అందదు. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఈమధ్య అచ్చియ్యమ్మకి మరుపొకటి మొదలైంది. పులుసులో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండదు. ఎదురింటావిడ పేరు నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. ఒకరోజు తల దువ్వుకుంటూ అప్ప మొహం తలుచుకోబోయింది. కళ్ళు గుర్తొస్తే ముక్కు రాలేదు. ముక్కు గుర్తొచ్చేసరికి కళ్ళు పోయాయి. దువ్వెన అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఒరే పోలీ, అప్ప మొహం పూర్తిగా మర్చిపోకముందే నన్ను పైకి తీసుకెళ్ళరా."

"తీసుకెళ్తానమ్మా! పెద్దమ్మ ఇంట్లో కూర్చోబెట్టి మరీ చూపిస్తాను. కానీ ఆ గెడ్డల్లో నీళ్ళూ రాళ్ళూ దాటాలంటే నాలుగు చక్రాలూ లాగే జీపు ఉండాలి."

"మిగతా బళ్ళకి ఎన్ని చక్రాలుంటాయేటి?"

"నాలుగే. కానీ రెండే పని చేస్తాయట. మిగతా రెండూ ఊరికే వెంట తిరుగుతాయట."

"ఓలమ్మ! మన ఇంట్లో ఎవరైనా అలా ఊరికే తిరిగితే ఊరుకుంటామా? నాలుగూ పని చేసేదే కొను."

కొత్తది కొనే స్తోమత లేదు. పాతది కొనాలంటే తెలిసినవాళ్ళు చెప్పాలి. చోడవరంలో పాత జీపుల పిచ్చోళ్ళంతా ఆదివారం పూట ఒక టీ కొట్టు దగ్గర చేరతారని విని ముగ్గురూ వెళ్ళారు. వాళ్ళకి పెద్ద మాధవరావు మాష్టారు. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. జీపు పేరెత్తితే చాలు, చేతిలో టీ చల్లారిపోవాల్సిందే.

"మెకానిక్కుని వెంట తీసుకెళ్ళకుండా పాత బండి చూడొద్దు," అన్నాడాయన. అచ్చియ్యమ్మ మర్చిపోతానని భయపడి కొంగుకి ఒక ముడి వేసుకుంది. "ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి పెడితే రోగం బయటపడదు." రెండో ముడి. "అన్నిటికంటే ముఖ్యం, బండి నచ్చినా సరే, అమ్మేవాడికి ఆ సంగతి మీ మొహంలో కనబడకూడదు." మూడో ముడి, గట్టిగా.

అంతే. శుక్రవారం నాడు మెకానిక్కు కన్నారావుని వెంటపెట్టుకుని పక్క ఊళ్ళో పాత జీపు అమ్ముతున్న జోగులు ఇంటికి వెళ్ళారు. వాకిట్లో ఆకుపచ్చ జీపు నిలబడి ఉంది. కన్నారావు చొక్కా చేతులు మడుచుకుని బండి దగ్గరికి వెళ్ళబోయాడు. పోలినాయుడు అతన్ని పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఇదేటండీ, నేను చూడొద్దా?"

"మాష్టారు నిన్ను తీసుకెళ్ళమన్నారు. తీసుకొచ్చాం. చూపించమనలేదు, మాట్లాడించమనలేదు. నోరు మూసుకుని కూర్చో."

అప్పటికి మిట్టమధ్యాహ్నం. అచ్చియ్యమ్మ జీపు ముందు మూత మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "ఓలమ్మో, కాలిపోతోంది! ఇది చల్లబడితే గానీ తాళం తిప్పకూడదు." ఇంకేముంది! పోలినాయుడు చేపల బజారుకి పరుగెత్తి రెండు గోనెసంచుల ఐసు తెచ్చి ఇంజను మీద పేర్చాడు. చినతల్లి తడిగుడ్డ వేసింది. అచ్చియ్యమ్మ విసనకర్ర అందుకుంది. అది చేపల మీద వాడిన ఐసు. ఆ వాసనకి వీధిలో పిల్లులన్నీ వచ్చి జీపెక్కి కూర్చున్నాయి.

జోగులు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏటమ్మా ఇది? బండి కొంటారా, చేపల కొట్టు పెడతారా?"

"మీ బండికి ఒళ్ళు చల్లబడుతోంది బాబూ. కాస్త ఓపిక పట్టు."

చివరికి పిల్లుల్ని దింపి తాళం తిప్పారు. జీపు రెండుసార్లు దగ్గింది. "ఐసు పెట్టాం కదత్తా, జలుబు చేసుంటుంది. శొంఠి కషాయం పొయ్యనా?" అంది చినతల్లి. ఈలోగా మూడోసారికి ఇంజను అందుకుని గుమ్ముమని మోగింది. ఆ మోత వినగానే అచ్చియ్యమ్మ గుండె నిండిపోయింది. ఈ బండి కొండెక్కుతుంది! అప్పని చూస్తాను! పెదాలు వాటంతటవే విచ్చుకోబోయాయి. చప్పున మూడో ముడి చేతికి తగిలింది. మొహంలో కనబడకూడదు!

పోలినాయుడు తువ్వాలు మొహానికి చుట్టేసుకున్నాడు. చినతల్లి గోడవైపు తిరిగిపోయింది. అచ్చియ్యమ్మకి నవ్వు ఆగలేదు. దాన్ని ఎలా దాచాలో తెలియక, ఒక్కసారిగా గొంతెత్తి శోకం పెట్టింది.

"ఓరి నాయనో! ఓరి దేవుడో!"

అత్త ఏడిస్తే కోడలు ఊరుకోకూడదని చినతల్లి కూడా అందుకుంది. అంతే, వీధి వీధంతా వచ్చేసింది. ఒకావిడైతే పక్కన చతికిలబడి, ముందు తానూ నాలుగు కన్నీళ్ళు కార్చి, ఆ తరవాత అడిగింది. "ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదమ్మా," అంది అచ్చియ్యమ్మ వెక్కుతూ, "బండి నచ్చలేదు. అస్సలు నచ్చలేదు!"

ఇంట్లోంచి జోగులు పెళ్ళాం కేకేసింది. "శుక్రవారం పూట గుమ్మంలో ఏడుపులేటి? ఎంత ఇస్తే అంత పుచ్చుకుని ఆ బండి ఇచ్చి పంపించెయ్యి!" జోగులు తాళం పోలినాయుడి చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు.

దారి పొడుగునా ముగ్గురూ మాష్టారి తెలివినీ, దాన్ని అమలు చేసిన తమ తెలివినీ పొగుడుకున్నారు. ఆదివారం జీపుని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. మాధవరావు మాష్టారు చుట్టూ తిరిగి చూసి, "భేషైన బండి! ఈ చేపల వాసనొక్కటే అర్థం కావడం లేదు," అన్నాడు. ఎక్కడికి వెళ్తారో తెలుసుకుని, "కొండ ఎక్కేటప్పుడు నాలుగు చక్రాల గేరు వెయ్యాలి, మర్చిపోకండి," అన్నాడు. పక్కనున్న మీసాలాయన అందుకున్నాడు. "ఆ గేరు బురదలోనే వెయ్యండి. గట్టి రోడ్డు మీద వేశారో, లోపల పళ్ళు అరిగిపోతాయి." అచ్చియ్యమ్మ రెండూ ముడేసుకుంది.

బుధవారం తెల్లారగానే బయల్దేరారు. వెంట తీసుకెళ్ళమన్న మాట ఇంకా ఎవరూ రద్దు చెయ్యలేదు కాబట్టి కన్నారావుని కూడా ఎక్కించుకున్నారు. కొండ మొదట్లోకి వచ్చేసరికి పోలినాయుడు బండి ఆపి నోరు తెరిచాడు. గెడ్డ లేదు, రాళ్ళు లేవు. నల్లగా నిగనిగలాడుతూ తారు రోడ్డు పైకి మెలికలు తిరిగి పోతోంది.

"ఎండాకాలంలోనే వేశారండీ," అన్నాడు కన్నారావు. "బస్సు కూడా తిరుగుతోంది. మూడుసార్లు చెప్పబోయాను. మాట్లాడనిచ్చారు కాదు."

పోలినాయుడు స్టీరింగు మీద తల వాల్చేశాడు. "ఇప్పుడేటమ్మా చెయ్యడం? కొండెక్కితే నాలుగు చక్రాల గేరు వెయ్యాలి. ఆ గేరు వేస్తే బురద ఉండాలి. ఇక్కడ బురద లేదు!"

"మామూలు గేరులో పోనివ్వండి బాబూ!" అన్నాడు కన్నారావు. అతని మాట ఎవరూ వినలేదు.

అచ్చియ్యమ్మ కాసేపు ఆలోచించింది. పక్కనే పొలాల్లో ఊడ్పులు. ఎటు చూసినా బురదే. "బురద లేకపోతే తెచ్చుకోవాలి గానీ ఏడుస్తారేటిరా!"

ఇంకేముంది! చినతల్లి దమ్ము చేసిన మడిలోంచి పారతో బురద తీసి తట్టలకెత్తింది. అత్తాకోడళ్ళు జీపు ముందు బండి పొడుగున బురద పరిచారు. జీపు దాని మీదకి ఎక్కింది. వెనక వదిలిన బురదని ఎత్తి మళ్ళీ ముందు పరిచారు. జీపు మళ్ళీ ఒక బండి పొడుగు ముందుకి జరిగింది. మధ్యాహ్నానికి మొదటి మలుపు వచ్చింది. పైకి వెళ్ళే బస్సు రెండుసార్లు వాళ్ళని దాటిపోయింది.

"ఏటి మామ్మా, కొత్త రోడ్డు పాడు చేస్తున్నారు?" అని అరిచాడు కండక్టరు.

"పాడు కాదు బాబూ, మా బండికి సరిపడా బాగు చేస్తున్నాం!"

రెండో మలుపు దగ్గర, పైనుంచి దిగే బస్సు హారను కొట్టుకుంటూ వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక నెరిసిన తల బయటికి వచ్చింది.

"అచ్చీ! ఒసే అచ్చీ!"

ఆ గొంతు అచ్చియ్యమ్మ మర్చిపోలేదు. తట్ట కింద పడేసి రెండడుగులు పరుగెత్తింది. బంగారమ్మ చేతిసంచితో బస్సు దిగుతోంది. అంతలో అచ్చియ్యమ్మ ఠక్కున ఆగి, బురద చేతులతో రెండు కళ్ళూ మూసేసుకుంది.

"అప్పా, దగ్గరికి రాకు! నీ మొహం చూపించకు!"

"ఏమే? ఏమైందే? బస్సు తిరుగుతోంది కదా, మంచిరోజు చూసుకుని నీకోసమే వస్తున్నాను."

"నిన్ను నీ ఇంట్లో చూపిస్తానని మా పోలి మాటిచ్చాడు. రోడ్డు మీదే చూసేస్తే వాడి మాటేం కాను? జీపు కొని ఏం లాభం?"

బంగారమ్మ చెంపన చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. ఎంతైనా ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళు.

"నిజమే సుమీ," అని తనూ కళ్ళు మూసుకుంది. "నేనూ అచ్చిని వాళ్ళింట్లో చూసి వస్తానని చెప్పే బయల్దేరాను. ఇక్కడ చూస్తే నాదీ తప్పే. పోనీ, నువ్వు సగం దారి వచ్చేశావు కదా, నేనే వెనక్కి పోతాను."

కన్నారావు ఇక ఉండలేకపోయాడు. జీపు దిగి, బురదకో దణ్ణం పెట్టి, కిందికి పోయే బస్సు ఎక్కేశాడు. కాసేపటికి పైకి పోయే బస్సు వచ్చింది. కళ్ళు మూసుకున్న బంగారమ్మని కండక్టరు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మెట్టు మీద నిలబడి ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అచ్చీ, మీరు వచ్చేసరికి తలుపు తీసి ఉంచనా, వేసి ఉంచనా?"

"వేసి ఉంచు అప్పా," అంది అచ్చియ్యమ్మ, కళ్ళు మూసుకునే కాళ్ళతో తట్ట వెతుక్కుంటూ. "తీసి ఉంటే మేం వచ్చి ఏ తలుపు కొడతాం?"