అవో

దోనా ఎర్మీనియా పోర్చుగల్‌లోని ఏవైరో ఊళ్లో విదేశీయులకు పోర్చుగీసు భాష నేర్పేది. ఆమె శిష్యురాలు హ్యారియెట్ అనే ఆంగ్ల యువతి ఒక ఉదయం నొచ్చుకుంటూ అడిగింది.

"అమ్మమ్మ, తాతయ్య, రెండూ నా నోట ఒకేలా వస్తున్నాయని మీరంటారు. మరి ఈ ఊరివాళ్లు ఒక్కరూ నన్ను దిద్దరేం? అలుసా, జాలా?"

పోర్చుగీసులో రెంటికీ 'అవో' అనే మాటే. నోరు బాగా తెరిచి అంటే అమ్మమ్మ, పెదవులు ముడిచి అంటే తాతయ్య. ఇంగ్లిషు చెవికి ఆ తేడా అందదు.

జవాబుగా ఎర్మీనియా తన పాత విద్యార్థి గిల్బర్ట్ సంగతి చెప్పింది.

గిల్బర్ట్ ఆంగ్లేయుడు. ఈ ఊరి పిల్ల ఇనెష్‌ను పెళ్లాడి, ఆమె అమ్మమ్మ ఆల్జీరా ఇంట్లోనే కాపురం పెట్టాడు. ఆల్జీరా భర్త ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఆ పెళ్లికి ఏడాది ముందే పోయాడు. గిల్బర్ట్ ఆ ముసలామెను పదకొండేళ్లు ప్రేమగా 'అవో' అని పిలిచాడు. ఆమె పలికేది.

ఆమె పోయిన రోజు సమాధి దగ్గర అతను "వెళ్లిరా, అవో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. ఇంటికి వచ్చాక భార్యను అడిగాడు.

"తప్పు పలికానా?"

"మొదటి రోజు నుంచీ. నువ్వు పిలిచింది తాతయ్యని."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"అమ్మమ్మ చెప్పనివ్వలేదు. 'ఆయన పోయాక ఈ ఇంట్లో ఆ పిలుపే లేదు. ఇతనొక్కడు పిలుస్తున్నాడు. ఇతని నోరు దిద్దకండి' అంది. నువ్వు పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి పలికేది, గమనించలేదా?"

మర్నాడే గిల్బర్ట్ ఎర్మీనియా దగ్గరికి వచ్చాడు. వారం తిరగకుండా రెండు మాటలూ విడివిడిగా, స్పష్టంగా పలికాడు. పలికి, బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు.

హ్యారియెట్ అంతా విని, "ముందే ఎవరైనా దిద్ది ఉంటే బాగుండేదా?" అంది.

"ఆల్జీరా అయితే వద్దనే అనేదమ్మా," అంది ఎర్మీనియా. "గిల్బర్ట్ ఏమంటాడో అడగాలని నాకు తోచలేదు."