ఏడు ముంతల ఎత్తు

వీరగిరి సంతలో ముకుందప్ప చదరంగం పరిచి కూర్చునేవాడు. అతని మాట తేనె. మనిషిని నవ్విస్తూ నవ్విస్తూనే ఓడించేవాడు. అలాగే నిన్న గవరమ్మ మొగుడి దగ్గర పాడిగేదెను గెలుచుకున్నాడు. ఆ గేదె చల్ల అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈరోజు గవరమ్మ మిగిలిన చల్లకుండ ఎత్తుకొచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నేను గెలిస్తే నా గేదెను ఇచ్చెయ్యాలి. ఓడితే ఈ చెవికమ్మలు మీవి."

"అయ్యో వదినా, మీ చేతిలో ఓడడం కూడా భాగ్యమే! ఒకటే షరతు. ఆట మధ్యలో లేచినవాళ్లు ఓడినట్టే."

ఓడిపోయేవాళ్లు మెల్లగా జారుకోకుండా అతను పెట్టుకున్న షరతు అది.

"అలాగే బాబూ. మొదటి ఎత్తు నాదేగా? కాస్త ఆలోచించుకుంటాను. ఈలోగా చల్ల తాగండి."

ఎండ మండిపోతోంది. చల్లలో అల్లం, కరివేపాకు ఘుమఘుమలాడుతున్నాయి. ముకుందప్ప ఆమె చేతిని పొగుడుతూ ఒక ముంత తాగాడు. ఇంకోటి అడిగి తాగాడు. ఆరో ముంతకి పొగడ్తలు ఆగాయి. కాళ్లు మెలిపెట్టుకుని కూర్చున్నాడు.

"వదినా, ఎత్తు వెయ్యండి!"

"తొందరపెట్టకండి బాబూ, ఆలోచన చెదురుతుంది. ఇంకో ముంత పోస్తానుండండి" అంటూ గవరమ్మ కుండ పైకెత్తి, సన్నగా, చప్పుడయ్యేలా ధారగా వంచింది.

ముకుందప్ప పంచె పట్టుకుని తుమ్మచెట్ల వెనక్కి పరుగెత్తాడు. సంతంతా పగలబడి నవ్వింది.

అతను తిరిగొచ్చేసరికి గవరమ్మ పక్కనే చెట్టుకి కట్టేసి ఉన్న గేదె పలుపు విప్పుతోంది.

"ఇంతకీ ఏ ఎత్తు వేద్దామనుకున్నారు వదినా?"

"ఎత్తా? వీటిలో ఏనుగేదో గుర్రమేదో ఇంకా పోల్చుకుంటూనే ఉన్నాను బాబూ. ఈలోపే మీరు లేచారు."