ఇప్పపూలు తొక్కిన కుందేలు

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. అడవి మధ్యలో పారే వాగు ఉగాది రాకముందే ఎండిపోయి ఒట్టి ఇసుక మిగిలింది. జంతువులన్నీ నాలుకలు బయటపెట్టి నీళ్ళ కోసం తిరుగుతుంటే, నక్క ఆ ఇసుకలో లోతుగా చెలమ తవ్వింది. నీళ్ళు ఊరాయి. చుట్టూ ముళ్ళకంప కట్టి, ముందర ఒక గుమ్మం వదిలి, చలివేంద్రం పెట్టానని అడవంతా చాటించింది.

"ఎవరైనా రండి. ఎన్నిసార్లైనా తాగండి. నాకేం ఇవ్వక్కర్లేదు" అంది.

ఆ మాట చెవిన పడగానే కుందేలుకి ప్రాణం లేచొచ్చింది. అది బాలింత. వారం కిందటే రెండు పిల్లల్ని కంది. నీళ్ళు లేక పాలు సరిగా పడట్లేదు.

కుందేళ్ళకి ఒక ఆచారం ఉంది. తల్లి పిల్లల పక్కన పడుకోదు. రెండు పిల్లలుంటే రెండు చోట్ల దాస్తది. రోజుకి ఒక్కసారే, పొద్దు వాలేటప్పుడు పోయి పాలిచ్చి వచ్చేస్తది. అదీ రోజుకో దారిన. ఆఖర్న ఒక్క పెద్ద గెంతు గెంతి పిల్ల దగ్గర దిగుతది. వెనకొచ్చేవాళ్ళకి అడుగుజాడ అక్కడితో తెగిపోతది. ఈ కుందేలుకి ఆ గెంతు వాళ్ళమ్మ నేర్పింది. ఆ ఒక్క గెంతు ఉంటే చాలు, పిల్లలకి ఏమీ కాదని దాని నమ్మకం. ఆడపిల్లని బోదగడ్డి దుబ్బులో, చిన్నోడిని పరికికంప కింద పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

మొదటిరోజు చలివేంద్రానికి పోయేసరికి గుమ్మంలో నానిన ఇప్పపూలు పరిచి ఉన్నాయి. మెత్తగా, జిగటగా, ఘాటు వాసనతో.

"ఇదేంటి నక్క బావా?"

"ఏం లేదమ్మా. కాళ్ళకి దుమ్ముంటది కదా. ఈ పూల మీద అడుగేసి లోపలికి రా. మళ్ళీ వచ్చినప్పుడు నువ్వెవరో మాకూ గుర్తుంటది. సరేనా?"

"తొక్కకపోతే నీళ్ళివ్వవా?"

"అయ్యో, ఎందుకివ్వను! నేనేమన్నా రాక్షసుడినా? వెనక దారి ఉంది. ఆ ముళ్ళల్లో దూరి చుట్టూ తిరిగొస్తే పందికొక్కు కూర్చునుంటది. దానికి చెప్పుకో."

అప్పుడే ఆ వెనక దారిలోంచి తాబేలవ్వ రొప్పుకుంటూ బయటికొచ్చింది.

"పొద్దున్నే వచ్చాను తల్లీ" అంది కుందేలుతో. "ఆ పందికొక్కు అడిగిందే అడుగుతది. పూలెందుకు తొక్కవంటది. చెప్తే, పోనీ రెండు కాళ్ళతో తొక్కు అంటది. వద్దంటే, రేపు తొక్కుతావా అంటది. మళ్ళీ మొదటికొస్తది. నాలుగు గుక్కల నీళ్ళకి మధ్యాహ్నమైంది."

కుందేలు వెనక నిలబడ్డ ఉడత కిసుక్కున నవ్వింది. "నీ ఇల్లు నీ వీపు మీదే ఉంది కదవ్వా! నీకెందుకీ తిప్పలు?"

"ఇల్లు వీపు మీదుంటే సరిపోయిందా? గుడ్లు ఇసుకలో ఉన్నాయి. నా కాలికి ఏం పూస్తున్నారో నాకు తెలియాలి."

"ముసలైతే అన్నీ అనుమానాలే" అని ఉడత కుందేలుని మెల్లగా తోసింది. "జరుగక్కా, ఎండ మాడ్చేస్తోంది. పూలేగా, నిప్పులు కావుగా."

కుందేలు ముళ్ళకంప వైపు చూసింది. గుమ్మం అవతల మెరుస్తున్న నీళ్ళ వైపు చూసింది. "సరే" అని పూలు తొక్కి లోపలికి పోయింది.

రెండో రోజూ సరే. మూడో రోజూ సరే. తర్వాత తర్వాత నక్క అడక్కముందే సరే అనేసేది.

అయిదో రోజు నీళ్ళ పక్కన లేత గరిక పెట్టి ఉంది.

"నీ కోసమేనమ్మా. అవతలి గట్టు మీద నువ్వు రోజూ తినేది ఇదే కదా?"

కుందేలు పొంగిపోయింది. ఇంత అడవిలో తన ఇష్టం కనుక్కున్నవాళ్ళు ఇంతవరకు లేరు. ఉడతకి మర్రిపండ్లు పెట్టారు. అదీ పొంగిపోయింది.

తొమ్మిదో రోజు గరిక తింటుంటే నక్క పక్కకొచ్చి కూర్చుంది. "బాగా తిను. ఇద్దరికీ పాలు చాలాలి కదా."

కుందేలు నమలడం ఆపింది. తనకి పిల్లలున్నారని ఎవరికీ చెప్పలేదు. ఇద్దరని అసలే చెప్పలేదు. అడుగుదామని నోరు తెరిచింది. అడిగితే ఉన్నారని ఒప్పుకున్నట్టే కదా అని మూసేసింది. పొదుగు చూసి అనుంటాడులే అని మనసుకి సర్దిచెప్పుకుని, నీళ్ళు తాగి వచ్చేసింది.

పదో రోజు పొద్దు వాలుతుండగా బయల్దేరింది. కొత్త దారి పట్టింది. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మూడుసార్లు ఆగి చూసుకుంది. ఎవరూ లేరు. బోదగడ్డి దగ్గర ఎప్పట్లాగే పెద్ద గెంతు గెంతింది.

దిగినచోట గడ్డి అణిగిపోయి ఉంది. పిల్ల లేదు. రెండు మూడు వెంట్రుకలు గడ్డికి చిక్కుకుని ఊగుతున్నాయి. పక్కన మట్టిలో తోడేలు పంజా ముద్ర.

కుందేలు వంగి ఆ గడ్డిని వాసన చూసింది. అప్పుడు ముక్కుకి ఇప్పపూల వాసన కొట్టింది. ఆ చుట్టుపక్కల ఒక్క ఇప్పచెట్టు లేదు. ముందు కాలు ఎత్తి వాసన చూసుకుంది.

తన కాలే.

చిన్నోడు గుర్తొచ్చి లేచింది. రెండడుగులేసి ఆగిపోయింది. ఈ కాళ్ళతో పోతే తోడేలుని తనే తోడు తీసుకుపోయినట్టు. పోకపోతే, తొమ్మిది రోజుల వాసన అక్కడా ఉంది, రేపటికి వాడూ ఉండడు. పాలు పొంగి పొట్ట తడిసిపోతోంది. కాలిపోయిన తుప్పల్లో దిగి బూడిదలో పొర్లింది. అరికాళ్ళ బొచ్చంతా పళ్ళతో పీకేసింది. రక్తమొచ్చినా ఆగలేదు. అప్పుడు పరికికంప దగ్గరికి పోయింది.

"నోరెత్తకు. ముందు నువ్వు నడువు" అంది చిన్నోడితో. గుట్ట అవతల, మనిషి కూడా దూరలేని ముళ్ళ తుప్పలో వాడిని దాచింది.

తెల్లారి చలివేంద్రం దగ్గర అందరి ముందు నక్కని నిలదీసింది.

"నా బిడ్డ ఎక్కడుందో తోడేలుకి ఎవరు చెప్పారు?"

నక్క కంగారేమీ పడలేదు. "నీ బిడ్డని నేను ముట్టుకున్నానా? నీ కాళ్ళకంటిన పూల వాసన ఎటు పోయిందో చూసి పెట్టుకుంటా, అంతే. తోడేలు అడిగింది, చెప్పా. అది తినగా మిగిలింది నాకు వదుల్తది. లేకపోతే ఇంతమందికి ఊరికే నీళ్ళు పోయడానికి నాకేం పట్టిందమ్మా?"

"నేను రోజుకో దారిన పోయాను. ఆఖర్న గెంతాను."

"ఒక్కరోజు దారి చూస్తే ఏమీ తెలియదు, నిజమే. నేను తొమ్మిది రోజులవీ చూశా. దారులు తొమ్మిది, నువ్వు ఆగింది రెండే చోట్ల." నక్క మూతి తుడుచుకుంది. "గెంతు మాత్రం భలే గెంతుతావ్. అయినా నీకు చెప్పకుండా పూశానా? రోజూ అడిగా. రోజూ సరే అన్నావు."

అడిగాడు, నిజమే. తనే సరే అంది. కుందేలు వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్ళని చూసింది. "విన్నారుగా? తొక్కకండి."

అందరూ తలలు దించుకున్నారు. ఉడత కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎంత పనైపోయిందక్కా... కానీ నా దగ్గర దాచుకోడానికేముంది? చెట్టు మీద ఉండేదాన్ని." కాసేపు నేల చూసి, "కొంచెం జరుగు" అని, సరే అని, పూలు తొక్కి లోపలికి పోయింది. దాని వెనక జింక. జింక వెనక అడవిపంది.

కుందేలు వెనక దారికి తిరిగి ముళ్ళల్లో దూరింది. లోపల పందికొక్కు ఆవలించింది. "పూలెందుకు తొక్కవు?"

ఆ సాయంత్రం పాలు తాగుతూ చిన్నోడు ఆగాడు. "అమ్మా, ఒళ్ళంతా ఈ గీతలేంటి?"

"ముళ్ళ దారిన నీళ్ళకి పోయాను నాన్నా."

"దగ్గర దారి లేదా?"

"ఉంది."

"మరి?"

వాడు కడుపు నిండా తాగేదాకా కుందేలు వాడి వీపు నాకింది.

"ఆ దారినే అక్క దగ్గరికి తోడేలొచ్చింది" అంది.

నీతి: ఫోన్‌లో ఏ సైటు తెరిచినా ముందు, నువ్వెటు తిరిగావో గుర్తుపెట్టుకునే కుకీలకి 'సరే' నొక్కమని ఒక పెట్టె అడ్డమొస్తది, నీ కాలికి ఏం పూస్తుందో చదవకుండా దాన్ని తొక్కొద్దు.