పట్టెమ్మ అడగని మాట

మామిడితోట చివరి చెట్టు మీద, ఆకులు కలిపి కుట్టిన గూట్లో ఎర్రచీమలు కాపురముండేవి. గూటికి రెండు గదులు. ఇవతలది పెద్దవాళ్ళది, అవతలది పిల్లపురుగులది. మధ్యలో తెల్లటి తెర. ఆ తెర నేసింది పిల్లల నోటి దారంతోనే. గూడు మొత్తంలో దారం తీయగలిగేది పిల్లలొక్కరే.

పట్టెమ్మ ముసలి చీమ. కొరకడం ఆమె పని కాదు, నెట్టడమూ కాదు. కొరికే చీమ నడుము నోట కరుచుకుని, నెట్టే చీమని వెనక్కాళ్ళతో బిగించి, ఇద్దరినీ ఒక్కచోట నిలబెట్టడమే ఆమె పని. ఆమె లేకపోతే ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ; ఎండుటాకు కూడా కదలదు. ఆమె పట్టుకుందంటే పచ్చాకు వంగి వచ్చేది. ఎవరు పిలిచినా వెళ్ళేది. దేనికని అడిగేది కాదు. పట్టాక వదలకూడదు, పట్టేముందు అడగకూడదు అని వాళ్ళ అవ్వ నేర్పిన పద్ధతి.

ఆ గూట్లోనే మిడిసమ్మ ఉండేది. దానికి ఎంత తిన్నా చాలదు, ఎంత చోటైనా చాలదు. పట్టెమ్మలా గూట్లో పనున్నవాళ్ళు తప్ప, వయసు మళ్ళినవాళ్ళు కొమ్మ చివర కాపలాకి పోవాలన్న కట్టుబాటు కూడా దానికి పట్టలేదు. తనలాంటి వాళ్ళని పదిమందిని చేరదీసి, పిల్లలకని తెర అవతల దాచిన తేనెబంక మీద కన్నేసింది. పది రోజులు తెరని తలోచోట కొరికారు. దారం సాగిందే గాని తెగలేదు.

అప్పుడు మిడిసమ్మ వచ్చి పట్టెమ్మ కాళ్ళు ఒత్తింది. గాలికి బయటి ఆకు విడిపోతోందని, నువ్వు పట్టుకుంటే తప్ప నిలవదని, ఈ రోజుల్లో నీలా పట్టేవాళ్ళు ఎవరున్నారని చెప్పింది. ఆ చివరి మాట ముసలిదానికి తియ్యగా తగిలింది.

పిల్లల్ని సాకే చిన్నారమ్మ దారిలో ఎదురైంది. పట్టెమ్మకి చెల్లెలి వరస.

"బయటి ఆకు బాగానే ఉందక్కా. నేనిప్పుడే అటునుంచి వచ్చాను. ఒక్కసారి చూసి పట్టుకో."

"చూసి పట్టేదాన్నయితే ఈ గూడు లేచేదా? పోయి నీ పిల్లల మూతులు తుడుచుకో."

మిడిసమ్మ చూపిన చోట పట్టెమ్మ కళ్ళు మూసుకుని పట్టింది. ఒకరు కొరికారు, ఒకరు నెట్టారు. పట్టెమ్మ కాలికి ఏదో మెత్తగా తగిలింది. ఆకైతే ఈనెలుండాలి, గరుకుండాలి. ఇది నునుపు. గూడు కట్టిన రోజున పిల్లలు ఈ తెర నేస్తుంటే అంచు పట్టుకున్నది తనే. నోరు తెరిస్తే చాలు, అంతా ఆగిపోయేది. తెరవలేదు. పట్టెమ్మ పని మధ్యలో వదిలేసిందన్న మాట పడలేననుకుంది.

తెర చిరిగింది. పదిమందీ లోపలికి దూసుకుపోయారు. ఆ తొక్కిసలాటలో పిల్లపురుగులు ఒక్కొక్కటే గూటి అంచు దాటి కింద ఎండుటాకుల్లోకి రాలిపోయాయి. చిన్నారమ్మ వాటి వెనకే దూకింది. తిరిగి రాలేదు.

తేనెబంక రెండు రోజుల్లో అయిపోయింది. ఆకులు ఎండి విడిపోసాగాయి. కుట్టడానికి దారం లేదు. మిడిసమ్మ మళ్ళీ వచ్చింది.

"పక్క కొమ్మ మీద ఇంకో గూడుంది. వచ్చి పట్టుకో పెద్దమ్మా."

"దేనికి?" అంది పట్టెమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

మిడిసమ్మ నవ్వింది. "నీకెందుకా గోల? ఎప్పుడన్నా అడిగావా?"

"అడగలేదు. అందుకే ఇప్పుడు పట్టను."

బతిమాలారు, కాలు విరిచారు. ఆమె కదల్లేదు. పట్టేవాళ్ళు లేక పక్కగూటి గోడని తలోచోట కొరికి కొరికి, మిడిసమ్మ, దాని పదిమందీ ఆకలితో ఒక్కొక్కరే రాలిపోయారు.

పట్టెమ్మ మిగిలింది. చిరిగిన తెర రెండు అంచులనీ, ఒకటి నోట, ఒకటి మిగిలిన కాళ్ళతో దగ్గరికి లాగి పట్టుకుంది. తోటలో ఆకు కదిలినప్పుడల్లా, కుట్టడానికి పిల్లలొస్తున్నారన్నట్టు ఇంకాస్త బిగించేది.

నీతి: నలుగురినీ ఒకచోట చేర్చేవాళ్ళు, ఆ నలుగురూ ఏం చేయబోతున్నారో ముందే అడగాలి.