దించిన చెయ్యి

మా గురువు పరదేశయ్యగారిని ఏదైనా అడగడమంటే సగం పూట వదులుకోవడమే. జవాబు దగ్గరికి నేరుగా తీసుకెళ్లే అలవాటు ఆయనకు లేదు. ఆ సంగతి తెలిసీ నా తోటి శిష్యుడు ఉమాపతి అడిగాడు. అతను అప్పుడే కొండమీది సవర గూడేల్లో దుప్పట్లు పంచి వచ్చాడు. అలసటతో పాటు కాస్త కోపం కూడా తెచ్చుకున్నాడు. రోడ్డు వేశారు, కరెంటు ఇచ్చారు, మనమూ ఏటా వెళ్తున్నాం, అయినా వాళ్ల బీదరికం తీరదేమిటి, లోపం వాళ్లలోనే ఉందేమో అన్నాడు. గురువుగారు కోప్పడలేదు. ఆ కొండ కింద సంతలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అక్కడి నాలుగు గూడేల్లో ఒక కట్టుబాటు ఉందట. నెత్తిమీది తట్టను ఎవరు చెయ్యి వేసి దించితే, వాళ్ల మాట లేకుండా అందులోది ఇంకొకరికి ఇవ్వకూడదు. నిండు తట్టను ఒంటరిగా దించుకోవడం ఎవరి తరమూ కాదు గనక, దించినవాళ్లకు ఇచ్చే మర్యాద అది. ఈ సంగతి సావుకారు గవరయ్య చెవిన పడింది. ఇంకేం కావాలి? సంత రోజున కొండదారి దిగే చోట తన మనుషులతో కాపు కాసేవాడు. బరువుకు మెడలు పీకుతుంటే దిగివచ్చే ఆడవాళ్లకు ఎదురెళ్లి, ఎంతో ఆప్యాయంగా తట్టలు దించేవాడు. దించాక ధర అతనిదే. సంత లోపల పైఊళ్ల బేరగాళ్లు ఎక్కువ ఇస్తామన్నా ఆడవాళ్లు తల వంచుకునేవారు తప్ప కట్టుబాటు తప్పేవారు కాదు.

ఉమాపతి ఉండబట్టలేక, ఆ పిచ్చి కట్టుబాటు మానేస్తే సరిపోయేది కదా అన్నాడు. వాళ్లకు ఆ సలహా ఇవ్వనివాడు లేడని గురువుగారు నవ్వారు.

సోంబారి అనే ఆవిడకు ఆ ఏడు చింతపండు బాగా వచ్చింది. అది మంచి ధరకు పోతేనే తిండిగింజలూ విత్తనాలూ. పోకపోతే కూతుర్ని తీరంలోని రొయ్యల షెడ్డుకు పంపాలి. మనుషుల్ని కూలికి కుదిర్చే మేస్త్రీ అప్పటికే రెండుసార్లు ఇంటికొచ్చి పిల్లను ఎగాదిగా చూసి వెళ్లాడు. ఆ చూపు తల్లికి నిద్రపట్టనివ్వలేదు. సంత రోజున గవరయ్య చెయ్యి చాచగానే ఆవిడ వెనక్కి జరిగింది. తట్టతోనే సంత మధ్యకు నడిచి నిలబడింది.

గవరయ్యకు తొందరేముంది? వెంట వెళ్లి నీడన కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి.

"ఎంతసేపు నిలబడతావే సోంబారీ? మెడ ఇరిగిపోద్ది. దించేత్తాను రా," అన్నాడు.

ఆవిడ తట్టను రెండు చేతులా ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు పక్క గూడెం బుదాయి వచ్చింది. ఆవిడ నెత్తిమీదా నిండు తట్ట ఉంది. అలాగే, తన తట్ట ఒరగకుండా మెడ బిగబట్టి, రెండు చేతులూ చాచి సోంబారి తట్ట పట్టుకుంది. ఇద్దరూ కలిసి మెల్లగా కిందికి దించారు. చేతులు ఖాళీ అయిన సోంబారి బుదాయి తట్ట దించింది. వెనక వచ్చినవాళ్లు ఇది చూశారు. దారిలో కాపున్న గవరయ్య మనుషులను తప్పించుకుని లోపలికి వచ్చి, ఒకరి తట్ట ఒకరు దించుకున్నారు.

గవరయ్య లేచి వచ్చి సోంబారి చింతపండు ధర అడిగాడు.

"నా తట్ట దించింది బుదాయి. దాన్నడుగు," అంది ఆవిడ.

బుదాయి, సోంబారి కాదంటే తనూ కాదంటానంది. మూడో ఆవిడ నాలుగో ఆవిడను చూపించింది, నాలుగో ఆవిడ ఇంకొకర్ని. తట్ట తట్టకూ తిరిగి తిరిగి గవరయ్య పంచె దుమ్ము కొట్టుకుపోయింది. ఏ ఒక్కరితోనూ బేరం తెగలేదు. కట్టుబాటు ఎవరూ దాటలేదు మరి. చివరికి అందరి మధ్యా నిలబడి, అందరికీ ఒకే ధర, పైఊళ్ల బేరగాళ్లు వింటుండగా చెప్పాల్సి వచ్చింది. వాళ్లు దానిమీద పాట పెంచారు. ఆడవాళ్లు గుసగుసగా మాట్లాడుకుని, అందరికీ నచ్చాకే ఊ అన్నారు. సోంబారి కూతురు ఆ ఏడు తల్లితో పాటు పొలంలో విత్తనాలు చల్లింది.

ఉమాపతి చివాల్న లేచి నిలబడ్డాడు. అయితే వచ్చే సంతకు మనమే వెళ్లి ఆ తట్టలు దించుదాం, సావుకారు బెడద ఉండదు, ధర సంగతి మనమే చూసుకోవచ్చు అన్నాడు. ఆ ఉత్సాహం చూస్తే నాకూ ముచ్చటేసింది.

గురువుగారు అతన్ని జాలిగా చూశారు.

"దించు నాయనా, తప్పేముంది. దించాక చెయ్యి తీసెయ్యడం వచ్చేదాకా మాత్రం ఆగు."