ముసలిరాజు జవాబు

లచ్చుంనాయుడు మలయాలో పుట్టినవాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి రబ్బరు తోటలకు వలసపోయాడు. తండ్రి చెట్లు గీసి గీసి, ఆ రబ్బరును పొగలో ఆరబెట్టి కూడబెట్టి, కొడుకును డాక్టరీ చదవమని ఓడెక్కించి కాకినాడ పంపాడు. వీడొచ్చి ఏడాది తిరక్కుండా మా తోలుబొమ్మల తెర వెనక చేరాడు.

మర్నాడు పెద్ద పరీక్ష అనగా మా గురువు అంబోజీ తాత ముందు కూలబడ్డాడు.

"పరీక్ష రాస్తే ఈ విద్య నాకు దక్కదు తాతా. రాయకపోతే మా నాన్న చచ్చిపోతాడు."

"ఆయన అలా అన్నాడా?"

"అనాలా? నాకు తెలీదా!"

ఆ గదిలో మూడోవాణ్ణి నేనే, మద్దెలగాణ్ణి. నేను ఒక్క దెబ్బ వేస్తే పిఠాపురంలో పాలు విరిగేవి. అడవిదారిన పులి ఎదురొస్తే దానికి ఆదితాళం నేర్పి మరీ పంపించినవాణ్ణి. భయమంటే ఎరగనివాడు చెబుతున్నాడు, వినండి.

తాత మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూయించాడు. తెర వెనక ఆముదం దీపం పెట్టాడు. లచ్చుంనాయుడి చేతికి ముసలిరాజు బొమ్మ ఇచ్చాడు.

మాలో ఒక ఆచారం. బొమ్మ చేతిలో ఉన్నంతసేపూ ఎవరేం అడిగినా, ఆడించేవాడు దాని గొంతుతో జవాబు చెప్పి తీరాలి.

"ఏమయ్యా రాజా, నీ కొడుకు ఏం కావాలి?" అన్నాడు తాత.

ముందు దగ్గు వచ్చింది. పొడిదగ్గు. ఏళ్ళ తరబడి రబ్బరు ఆరబెట్టే పొగ మింగిన ఛాతీలోంచి వచ్చే దగ్గు. లచ్చుంనాయుడు నిక్షేపంలాంటి మనిషి!

"డాట్రు అవ్వాల," అంది బొమ్మ.

లచ్చుంనాయుడు బొమ్మకేసి చూశాడు. అది వాడి గొంతు కాదు. "మా నాన్న..." అని గొణిగాడు.

"ఎందుకూ?" తాత అడుగుతూనే ఉన్నాడు.

"నా మాదిరిగా సెట్లు గీసుకోని బతకకూడదని."

"వాడు బొమ్మలాడిస్తే నువ్వు చస్తావటగా?"

గాలి లేదు. దీపం కదల్లేదు. తెర మీద రాజు నీడ మాత్రం మెల్లగా మెడ తిప్పి, ఎడమపక్క నిలబడ్డ లచ్చుంనాయుడి వైపు చూసింది. ఆ బొమ్మ మెడకు అతుకు లేదండీ! తలా మొండెమూ ఒకే తోలు. నూరేళ్ళుగా అది కుడివైపు తప్ప చూసి ఎరగదు.

పులికి తాళం నేర్పిన నా చేతులు మద్దెల మీద కొయ్యబారాయి.

"ఆ మాట నన్నెప్పుడడిగినావురా, లచ్చుమా?" అంది బొమ్మ, వాళ్ళ నాన్న గొంతుతోనే.

బొమ్మ వాడి చేతిలోంచి జారిపడింది.

"నేననలేదు తాతా! ఒట్టు, బొమ్మ ఇప్పుడన్న మాట నేననలేదు!"

తాత బొమ్మను తీసి, పైకండువాతో దుమ్ము తుడిచాడు. వెళ్ళి తలుపు తెరిచాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"మరింకేం, అన్నవాణ్ణే అడుగు."