స్వామి నడుముకి తాడు

చిదంబరయ్యగారికి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "ముందు ఈ పని చూడు నాయనా" అనేవారు. మా పానకాలు మావయ్య ఆయన దగ్గరే ప్రహ్లాద నాటకం నేర్చుకున్నాడు. ఈ సంగతి తన చెల్లెలైన మా అమ్మకి స్వయంగా చెప్పాడు. అమ్మ నాకు చెప్పింది.

ఏటా నృసింహ జయంతికి, సంధ్యవేళ, గురువుగారే స్వామి వేషం కట్టేవారు. సింహముఖం తలకెత్తుకున్నాక ఆయన్ని స్వామి ఆవహిస్తాడని మావాళ్ళ నమ్మకం. అందుకే నడుముకి తాడు కట్టి, వెనకనుంచి ఒకరు పట్టుకోవాలి. ఆ ఏడు ఆ భాగ్యం మొదటిసారి మావయ్యకి దక్కింది. దక్కినప్పట్నించీ గుండెల్లో బెంగ.

"గురువుగారూ, టూరింగు టాకీసులో దయ్యం సినిమా మూడుసార్లు చూశానండీ. పీకలు పిసికే హంతకుడి సినిమా అయితే ఐదుసార్లు. డేరా అంతా కెవ్వుమంటుంటే నాకు సంబరంగా ఉంటుంది. ఎందుకో తెలీదు. ఇలాంటివాణ్ణి నేను స్వామి తాడు ముట్టుకోవచ్చా? ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

గురువుగారు సింహముఖానికి దండం పెట్టుకుని, "ముడి గట్టిగా ఉందేమో చూడు నాయనా" అన్నారు. అంతే.

కాగితపు స్తంభం చీల్చుకుని స్వామి వెలువడ్డాడు. జనం తోసుకుంటూ ముందుకొచ్చారు. అప్పుడు స్వామి ఒక్క గుంజు గుంజాడు. తాడు మావయ్య చేతిలోంచి జారిపోయింది. గుంజింది స్వామో, గురువుగారో మావయ్య ఏనాడూ అడగలేదట. ముందువరస క్షణంలో ఖాళీ. హిరణ్యకశిపుడి వేషంలో ఉన్న కోటిలింగం గద పారేసి హార్మోనియం మీదుగా దూకి పారిపోతూ అరిచాడు.

"ఒరే పానకాలూ! తాడురా, తాడు!"

మావయ్య పరుగెత్తి తాడందుకుని, తన నడుముకి చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. జనం ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. రోజూ గుళ్ళో స్వామికి తులసిమాల కట్టే వెంకాయమ్మగారైతే మునుపటికంటే రెండు మూరలు ముందుకి జరిగి చాప పరుచుకున్నారు. "గట్టిగా పట్టుకో అబ్బాయ్" అని మావయ్యకి చెప్పి, స్వామికేసి తిరిగి, కళ్ళింత చేసుకుని, "ఆఁ, ఇహ చీల్చు తండ్రీ!" అన్నారు.

కోటిలింగం తిరిగొచ్చి స్వామి ఒళ్ళో బుద్ధిగా పడుకున్నాడు. ఎర్రనూలు పేగులు బయటికొచ్చాయి. అందరూ కెవ్వుమన్నారు, ఆ వెంటనే గోవిందా అన్నారు.

హారతయ్యాక గురువుగారు పానకం తాగుతూ, "అంత సంబరంగా చీల్చమన్నారుగా, రేపట్నించి వెంకాయమ్మగారికి తులసిమాల కట్టొద్దని చెబుదామా?" అని అడిగారు.

"అయ్యయ్యో, ఎంతమాటండీ!" అని మావయ్య నవ్వేశాడు.

గురువుగారూ నవ్వారు. "అయితే వచ్చే ఏడూ తాడు నీదే. ఈలోగా ఆ దయ్యం సినిమాకి నన్నూ తీసుకెళ్ళు. నీ పక్కనే కూచుంటాను, భయమేస్తే చెయ్యి పట్టుకోవచ్చు."